మరుగుదొడ్డిలో నీరు పారనప్పుడు

ఇంటికి వచ్చిన చుట్టమునకు మనము ముంగిలి చూపుదుము, పూజామందిరము చూపుదుము, కొత్తగా కట్టించిన వంటగట్టును సైతము చూపుదుము. మరుగుదొడ్డిని మాత్రము అడిగినప్పుడే చూపుదుము, అదియును వ్రేలితోనే. పేరులోనే మరుగు గల ఆ గదిని గురించి పదిమంది వినగా మాటాడుట మర్యాద కాదని మనలో చాలమంది తలంతురు. కాని ఇంటిలోని గదులలో ఒక్క పూట పనిచేయకున్నను ఇల్లంతయు కలవరపడు గది అదియొక్కటే. పొయ్యి వెలుగనినాడు హోటలునుండి భోజనము తెప్పించుకొనవచ్చును. దీనికట్టి ప్రత్యామ్నాయము లేదు. కావున ఈనాటి ప్రసంగమున మేము మొగమాటము కొంత విడిచి మాటాడెదము. శ్రోతలును కొంత విడిచి వినగోరెదము.

మా ఇంట కొన్నేండ్ల క్రిందట జరిగిన సంగతితో ఆరంభించెదము. అది సంక్రాంతి పండుగ. భోగినాటికే ఇల్లు ఆడపడుచులతో, అల్లుళ్లతో, పిల్లలతో నిండిపోయెను. మరునాడు తెల్లవారుజామున ఫ్లష్ తొట్టి మీట త్రిప్పినచో సన్నని ధార మాత్రమే జారెను. మూడుమారులు త్రిప్పినను అంతే, నాలుగుమారులు త్రిప్పినను అంతే. ఎనిమిది గంటలకు ప్లంబరు వచ్చెను. గడపయొద్దనే నిలిచి చూచి, నేలలోని గొట్టము పూడినదనియు, బండలు పగులగొట్టక తప్పదనియు, పనికి రెండు దినములు పట్టుననియు చెప్పెను. పండుగ పూట గునపము చప్పుడును, ఇంటినిండ చుట్టములును కనులయెదుట మెదలగా మాకు కాళ్లు చేతులు ఆడలేదు.

మా ప్రక్కయింట ఒక పెద్దాయన ఉండెడివారు. ఓవర్సీయరు ఉద్యోగము చేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు. గోడమీదుగా మా అలజడి విని వచ్చిరి.

“బాబాయిగారూ, బండలు పగలగొట్టాలంటున్నాడండీ” అని మేము మొరపెట్టుకొంటిమి.

“ముందొక బకెట్టు నీళ్లు తెప్పించు నాయనా. రోగమెక్కడో తెలియకుండా కత్తి పట్టే వైద్యుణ్ణి నేను చూడలేదు” అని ఆయన అనిరి.

నిండు బకెట్టు వచ్చెను. ఆయన దానిని నడుమెత్తున పట్టుకొని, ఒక్కసారిగా, కాని చిందకుండ, బేసినులోనికి కుమ్మరించిరి. నీరు ఒక్క గుటకలో దిగిపోయెను. “గొట్టానికేమీ లేదు. రోగం తొట్టిలో ఉంది” అని తొట్టి మూత తీయించిరి. లోపల నీటిని ఎత్తిపోయు భాగమున పలుచని ప్లాస్టిక్ పొర ఒకటి చిరిగియుండెను. దాని ఖరీదు ఆ పూట కూరగాయల ఖర్చునకు మించలేదు. పది గంటలకు తొట్టి పనిచేసెను. పదకొండింటికి మేము పొంగలి భుజించితిమి.

ఆ ప్లంబరు మోసగాడని మేమనము. అతడు పరీక్షింపకయే తీర్పు చెప్పెను. ఇంటి యజమానులమైన మాకును పరీక్ష తెలియదు గనుక తలయూపితిమి. ఆనాడు ఒక్క బకెట్టు నీటితో మేము నేర్చిన పాఠమునే ఈనాడు శ్రోతలకు విడమరచి చెప్పెదము. నీరు పారని మరుగుదొడ్డిలో దోషముండుటకు చోట్లు మూడే. మొదటిది నీరు బయలుదేరు తొట్టి. రెండవది నీరు దిగు బేసిను, దాని మెడవంపు. మూడవది నీరు పోయి చేరు దారి, అనగా గొట్టము, ఛాంబరు, సెప్టిక్ ట్యాంకు. ఏ చోటనో తెలిసికొనుట సగము చికిత్స.

ఈ యంత్రము పనిచేయు తీరు ముందుగా తెలిసికొనవలెను. బేసిను అడుగున గొట్టము తిన్నగా దిగక, హంసమెడవలె ఒకమారు పైకి వంగి మరల క్రిందికి దిగును. దీనినే పనివారు ట్రాప్ అందురు. ఆ వంపులో ఎల్లప్పుడును కొంత నీరు నిలిచియుండును. పట్టణపు కమోడులలో ఆ నీటి లోతు సాధారణముగా రెండంగుళములుండును. ఆ రెండంగుళముల నీరే ఇంటికిని, మురుగు గొట్టములోని దుర్వాసనకును నడుమ నున్న తలుపు. 1596లో ఇంగ్లండున సర్ జాన్ హారింగ్టన్ అనునతడు నీటితొట్టి గల మరుగుదొడ్డిని వర్ణించుచు గ్రంథము ప్రచురించెను. అది ఆనాడు ప్రబలలేదు. 1775లో లండనున గడియారములు చేయు అలెగ్జాండర్ కమింగ్ అను స్కాట్లండు దేశీయుడు ఇట్టి వంకర గొట్టముతో కూడిన మరుగుదొడ్డికి పేటెంటు పొందెను. నేడు లోకమున నున్న ఫ్లష్ దొడ్లలో దాదాపు అన్నియు అట్టి వంపుమీదనే ఆధారపడియున్నవి.

వంపు గలుగుటచేత నీటికి ఒక గట్టు దాటవలసిన పని కలుగును. మెల్లగా పోసిన నీరు గట్టుమీదుగా జారిపోవునే గాని మలమును మోసికొనిపోజాలదు. ఒక్కసారిగా వచ్చిన నీరు విసురుతో దానిని నెట్టుకొనిపోవును. కొన్ని రకముల కమోడులలో ఆ నీరు వంపును పూర్తిగా నింపి, ఆవలి ప్రక్క పడునప్పుడు వెనుకనున్న నీటిని సైతము పీల్చుకొనిపోవును. కావున ఫ్లష్‌నకు కావలసినది నీటి పరిమాణము మాత్రమే కాదు, వేగము. నిమిషముపాటు చెంబులతో పోసిన పది లీటర్లు చేయలేని పనిని రెండు క్షణములలో కుమ్మరించిన ఆరు లీటర్లు చేయును. ఈ మాట గుర్తుంచుకొన్నచో తక్కిన దంతయు సుబోధము.

ఇక పరీక్ష. బేసినులో నీరు మామూలు మట్టముననే యున్నచో ఒక బకెట్టు నీరు వేగముగా పోయవలెను. నీరు అంచువరకు వచ్చి నిలిచియున్నచో పోయరాదు. అది పొంగి గదిలోనికి వచ్చును. పోసిన నీరు గుటకవేసి దిగినచో దారి బాగున్నది, దోషము తొట్టిలోనున్నది. పైకి లేచి మెల్లమెల్లగా దిగినచో అడ్డు మెడవంపులోనో, దాని ఆవలనో కలదు.

మొదట తొట్టి సంగతి. మూత తీసి లోపలికి చూడవలెను. అందుండునది మంచినీరే గనుక చేయిపెట్టుటకు జంకనక్కరలేదు. తొట్టి ఖాళీగానున్నచో, నీటిని తెచ్చు సన్నని గొట్టముయొద్ద నున్న యాంగిల్ కాక్ తిరిగియున్నదేమో చూడవలెను. గది కడుగునప్పుడు చేయి తగిలి అది మూతబడుట తరచుగా జరుగును. మేడమీది ట్యాంకులో నీరున్నదా యని చూచుట మరువరాదు. నవ్వుకొనవద్దు, మేమొకమారు అరగంటసేపు తొట్టిని విప్పి బిగించిన పిమ్మట గాని ఆ సంగతి చూడలేదు.

కాక్ తెరచియున్నను నీరు సన్నగా వచ్చుచున్నచో ఫ్లోటు వాల్వు మొగములో ఇసుక చేరియుండును. కాక్ కట్టివేసి, వాల్వు విప్పి, గుండుసూదితో శుభ్రము చేసినచో చాలును. ఫ్లోటు అనగా నీటిపై తేలు బంతి. నీరు నిండిన కొలది అది లేచి వాల్వును మూయును. అది తొట్టి గోడకు ఒరసికొని పైననే చిక్కుకొన్నచో తొట్టి సగమే నిండును. సగము నీటికి వేగము రాదు. బంతికి చిల్లుపడి నీటిలో మునిగినచో వాల్వు మూతబడదు; నీరు పొర్లు గొట్టముగుండ రేయింబవళ్లు వృథాగా పోవును. నీటిమట్టము పొర్లు గొట్టపు అంచునకు ఒక అంగుళము క్రిందుగా నుండునట్లు ఫ్లోటును సరిచేయవలెను.

తొట్టి నిండియున్నను మీటకు కదలిక లేకున్నచో, మీటను లోపలి భాగముతో కలుపు తీగ కొక్కెము ఊడియుండును. తిరిగి తగిలించుటకు రెండు నిమిషములు చాలును. మీటను పలుమారులు త్రిప్పిన గాని నీరు పడకున్నచో, మా ఇంట జరిగినట్లు, లోపలి పొర చిరిగియుండును. పాత భాగమును దుకాణమునకు తీసికొనిపోయి అట్టిదే అడుగవలెను. కొలతలు నోటితో చెప్పినచో మరియొకటి చేతికి వచ్చును.

పైన బొత్తాము గల కొత్త తొట్టులలో అడుగున ఒక రబ్బరు వాషరుండును. అది అరిగినచో బేసినులోనికి సన్నని తీగవలె నీరు ఎల్లవేళల జారుచుండును. తొట్టి ఎన్నడును పూర్తిగా నిండదు. కంటికి కనబడని జారుడును కనిపెట్టుటకు ఇంటింట చేయదగిన పరీక్ష యొకటి కలదు. రాత్రి పడుకొనబోవుచు తొట్టిలో కొంచెము బట్టల నీలిమందు కలుపవలెను. మీట ముట్టకుండ తెల్లవారి చూచినచో బేసినులోని నీరు నీలముగా మారినయెడల వాషరు చెడినదన్నమాట.

నీటికరవు గల ఊళ్లలో పొదుపు కొరకు తొట్టిలో ఇటుక నుంచుట కొందరికి అలవాటు. ఉద్దేశము మంచిదే. కాని ఇటుక నానినకొలది పొడియై ఆ ఇసుక వాల్వులో చేరును. అంతకంటె ముఖ్యము, పది పండ్రెండు లీటర్లకు ఏర్పరచిన పాత బేసిను ఆరేడు లీటర్లతో శుభ్రపడదు. రెండుమారులు ఫ్లష్ చేయవలసివచ్చి పొదుపు కాస్త దుబారా యగును. పొదుపు కోరువారు చిన్న ధారకు మూడు, పెద్ద ధారకు ఆరు లీటర్లు వచ్చు రెండు బొత్తాముల తొట్టిని, దానికి తగిన బేసినును కలిపి పెట్టించుకొనుట మేలు.

రెండవ చోటు బేసిను, మెడవంపు. బోరు నీరు వాడు ఇండ్లలో కమోడు అంచు క్రిందనుండు సన్నని రంధ్రములు సున్నపు గారతో పూడును. టీ కెటిళ్లకు పట్టుకొను తెల్లని గార ఇదియే. తొట్టి నిండుగానున్నను నీరు విసురుగా రాకుండుటకు ఇదొక కారణము. చిన్న అద్దమును అంచు క్రింద పట్టినచో రంధ్రములు కనబడును. వేడినీటిలో నిమ్మ ఉప్పు కరగించి, పాతగుడ్డను అందు తడిపి, అంచు క్రింద రాత్రియంతయు దోపియుంచినచో గార మెత్తబడును. ఉదయము తీగతో రంధ్రములు పొడిచి కడుగవచ్చును.

మెడవంపులో అడ్డుపడినది కాగితమో మెత్తని పదార్థమో అయినచో తొందర వలదు. సబ్బు నీటిని గోరువెచ్చగా పోసి అరగంట ఆగవలెను. సలసల కాగు నీరు పోయరాదు, పింగాణి బీటలువారును. పిమ్మట కర్రకు బిగించిన రబ్బరు గిన్నెను రంధ్రముమీద గట్టిగా ఆనించవలెను. గిన్నె నీటిలో మునిగియుండవలెను. గాలినొత్తుటవలన ప్రయోజనము లేదు. మొదట మెల్లగా ఒకమారు నొక్కి లోపలి గాలిని పోనిచ్చి, అటుపిమ్మట ఇరువదిమారుల వరకు నొక్కుచు లాగవలెను. బలము లాగుటలోనుండవలెను. నెట్టుట వలన అడ్డు మరింత లోతునకు పోవును. లాగుట వలన అది సడలును. రబ్బరు గిన్నె లేని యింట పాతగుడ్డలను ప్లాస్టిక్ సంచిలో ఉండగా కట్టి కర్రకు బిగించి వాడవచ్చును. ఆ తాడు వదులైనచో ఆ ఉండయే కొత్త అడ్డగునని మాత్రము మరువరాదు. పిల్లలు జారవిడిచిన బొమ్మ, సబ్బుబిళ్ల వంటి గట్టి వస్తువులు దీనికి లొంగవు. ప్లంబరు తెచ్చు స్ప్రింగు తీగ దానికి తగిన సాధనము.

ఇచట ఒక హెచ్చరిక. అడ్డు తొలగలేదని విసిగి యాసిడ్ పోయుదురు. అదియు పనిచేయలేదని వెంటనే బ్లీచింగు పొడి చల్లుదురు. ఈ రెండును కలిసినచో క్లోరిన్ వాయువు పుట్టును. కిటికీ చిన్నదైన గదిలో అది ఊపిరితిత్తులను కాల్చును, ప్రాణమునకే ముప్పు తెచ్చును. వీనిని ఏనాడును కలుపరాదు. అదిగాక, గొట్టమున పోసిన యాసిడ్ సెప్టిక్ ట్యాంకు చేరి, అందు మలమును కరగించు సూక్ష్మజీవులను చంపును. కంటికి కనబడని ఆ పనివారు చచ్చినచో ట్యాంకు త్వరగా నిండును.

మూడవ చోటు ఆవలి దారి. ఒక్క మరుగుదొడ్డియే గాక, స్నానపుగది నీరుకూడ నిలిచి, తూములో గుడగుడ శబ్దము వచ్చుచున్నచో అడ్డు దూరమున కలదని గ్రహింపవలెను. పెరటిలోనో సందులోనో ఉండు ఛాంబరు మూతను దూరముగా నిలిచి తెరువవలెను. ఛాంబరు ఎండియున్నచో అడ్డు ఇంటికిని ఛాంబరునకును నడుమ నున్నది. నిండియున్నచో అడ్డు దాని ఆవల నున్నది. ఈ ఒక్క చూపుతో పగులగొట్టవలసిన బండలు ఎన్నియో మిగులును. మొహెంజొదారో నగరమున సుమారు 4,500 ఏండ్ల క్రిందట ఇటుకలతో కట్టిన వీథి కాలువలకు, తీసి శుభ్రపరచుటకు వీలైన కప్పులుండెను. కట్టినది ఎన్నడో ఒకనాడు పూడునని వారెరుగుదురు. మనము ఛాంబరు మూతమీద పూలకుండీ నుంచి, ఆపైన సిమెంటు పూయించి, అది ఎచటనున్నదో మరచిపోవుదుము.

మేడమీదికి లేచియుండు గాలి గొట్టమును కూడ చూడవలెను. దాని నోట పక్షి గూడు కట్టినను, ఎండుటాకులు చేరినను గొట్టములో గాలి ఆడక నీరు తటపటాయించును. వంపులోని నీటి తలుపు పీల్చుకొనిపోయి దుర్వాసనయు వచ్చును. నల్లరేగడి నేలలలో వానకాలమున ఇంకుడు గుంటకు నీరు పీల్చు శక్తి తగ్గి ట్యాంకు వెనుకకు తన్నును. వానలు వెలిసిన పిమ్మట బాగుపడు దోషమునకు గొట్టములు మార్పించుట వృథా.

గ్రామములలో విరివిగానున్న రెండు గుంతల దొడ్లకు ఈ తొట్టులు, మీటలు లేవు. వాని బేసినునకు వాలు ఎక్కువ. మెడవంపులోని నీరు 20 మిల్లీమీటర్లే. కావున ఒకటిన్నర రెండు లీటర్ల నీరు విసురుగా పోసినచో చాలును. ఒక గుంత నిండునప్పటికి సుమారు మూడేండ్లగును. నీరు దిగుట మందగించినచో నడుమ నున్న చిన్న ఛాంబరులో మొదటి దారిని మూసి రెండవ దారి తెరువవలెను. నిండిన గుంతను రెండేండ్లు కదపకుండ విడిచినచో అందలి పదార్థము వాసనలేని ఎరువగును. రెండు గుంతలకును ఒకేమారు నీరు వదలి రెండును నిండినవని వాపోవు ఇండ్లు మేము చూచితిమి. రెండు గుంతలుండుట ఒకదానికి విశ్రాంతి యిచ్చుటకొరకే.

ఇంతవరకు చెప్పినది ఇంటివారు చేయదగిన పని. ఇక చేయరాని పని యొకటి కలదు. దానిని చెప్పుటకు మా ఇంటి సంగతినే మరల ఎత్తవలెను.

సంక్రాంతి గడచిన రెండేండ్లకు మా మరుగుదొడ్డి మరల నిలిచెను. ఈమారు మేము పరీక్షలన్నియు వరుసగా చేసితిమి. బకెట్టు నీరు దిగలేదు. ఛాంబరు నిండియుండెను. సెప్టిక్ ట్యాంకును రెండు మూడేండ్లకొకమారు తోడించవలెనని నియమము. మేము పదునొకండేండ్లుగా దానిని తలచనేలేదు. ఎవరినో అడుగగా ఇద్దరు మనుష్యులు వచ్చిరి. ఒకడు నడివయస్సువాడు, మరియొకడు ఇరువదేండ్ల కుర్రవాడు. మూత జరిపిరి. కుర్రవాడు చొక్కా విప్పి, తాడు నడుమునకు కట్టుకొనసాగెను. బేరము కుదిరినదను తృప్తితో మేము ప్రక్కన నిలిచియుంటిమి. సిగ్గుపడుచునే ఈ మాట చెప్పుచున్నాము.

అప్పుడు మా తల్లిగారు కర్ర ఊతతో పెరటిలోనికి వచ్చిరి. “నాయనా, నువ్వు చొక్కా తొడుక్కో. మా ఇంటి గుంటలోకి మనిషి దిగడానికి వీల్లేదు” అని కుర్రవానితో అనిరి. మావైపు తిరిగి ఆగ్రహింపలేదు. ఒక్క మాట అనిరి. “మీ నాయనమ్మగారింట దొడ్డి వెనక చిన్న తలుపుండేది, జ్ఞాపకముందా?”

మాకు జ్ఞాపకమున్నది. మా బాల్యమున ఆ ఇంటి దొడ్డికి వెనుక సందులోనికి తెరచుకొను చిన్న తలుపుండెడిది. ప్రతి ఉదయము ఒక స్త్రీ తట్ట, రేకు చేతబట్టి ఆ సందున వచ్చి, ఆ తలుపు తెరచి, మేము విడిచినదానిని ఎత్తుకొనిపోయెడిది. ఆమె ముంగిలిలోనికి రాగూడదు. పండుగనాడు అన్నము కూడ ఆ సందులోనే పెట్టెడివారు. ఆమె పేరు మేమెన్నడును అడుగలేదు. పుట్టిన కులమునుబట్టి ఆమెకు ఆ పని. పుట్టిన కులమునుబట్టి మాకు ఆ తలుపు. ఫ్లష్ తొట్టి వచ్చిననాడు ఆ తలుపు ఇటుకలతో మూయించిరి. అది యంత్రము చేసిన మేలని మేము తలచితిమి. కాని ట్యాంకు నిండిననాడు ఆమె మనుమల వయస్సువానిని మరల పిలిచి, ఈమారు తలుపుయొద్ద నిలుపక, గుంటలోనికే దింపబోతిమి.

దిగినచో ఏమగునో తెలిసికొనవలెను. మూసిన ట్యాంకులో ప్రాణవాయువు కొరవడును; హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ చేరియుండును. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెముగానున్నప్పుడు కుళ్లిన గ్రుడ్డు వాసన వేయును. హెచ్చిన కొలది ముక్కు వాసన పట్టు శక్తినే చంపును. వాసన తగ్గినదని దిగినవాడు క్షణములలో స్పృహ తప్పును. వానిని రక్షింపబోయి దిగినవాడును అట్లే పడును. ఒకే గుంటలో ఇద్దరు ముగ్గురు మరణించు వార్తలు ఇట్లు పుట్టినవే. కొందరు దీపము దింపి పరీక్షింతురు. మీథేన్ మండు వాయువు గనుక అది మరియొక ప్రమాదము. తాడు, ధైర్యము, అలవాటు వీనిలో ఏదియు ఊపిరికి బదులు కాజాలదు.

1993లో కేంద్రప్రభుత్వము మలమును చేతులతో ఎత్తించుటను నిషేధించు చట్టము చేసెను. 2013లో వచ్చిన కొత్త చట్టము రక్షణ సాధనములు లేకుండ మురుగుకాలువలలోనికి, సెప్టిక్ ట్యాంకులలోనికి మనుష్యులను దింపుటను కూడ నేరముగా నిర్ణయించెను. మొదటి తప్పునకే రెండేండ్ల వరకు జైలుగాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఆ నిషేధము అధికారులకును, గుత్తేదారులకును, పనికి పెట్టుకొన్న మనవంటి గృహస్థులకును వర్తించును. 2014లో సుప్రీంకోర్టు అట్లు మరణించినవారి కుటుంబమునకు పది లక్షల రూపాయలు ఈయవలెనని తీర్పు చెప్పెను. 2023లో ఆ మొత్తమును ముప్పది లక్షలు చేసెను. ఈ మార్పునకై దశాబ్దములు పోరాడిన సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనులయొద్ద పారిశుద్ధ్య కార్మిక కుటుంబమున జన్మించినవారు. ఆయనకు 2016లో మెగసెసే పురస్కారము లభించెను. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా పేరొందిన ఎస్. ఆర్. శంకరన్ ఆ ఉద్యమమునకు అండగా నిలిచిరి. చట్టము పుస్తకమున నున్నది. అది మన పెరటివరకు వచ్చుట మనమీదనే ఆధారపడియున్నది.

ఆనాడు ఆ ఇద్దరికిని కూలి పూర్తిగా ఇచ్చి పంపితిమి. సాయంకాలమునకు గొట్టముతో పీల్చు యంత్రపు లారీ వచ్చెను. ఎవరును లోపలికి దిగలేదు. గంటలో పని ముగిసెను. ఖర్చు బేరమాడిన కూలికంటె కొంత ఎక్కువైన మాట నిజము. ఆ ఎక్కువ ఎంతయో మేము లెక్కవేసి చూచితిమి. అది ఒక కుర్రవాని ప్రాణమునకు మేము ఆనాటి ఉదయము కట్టిన వెల.

ఇప్పుడు మా ఇంట గోడమీది క్యాలెండరులో ట్యాంకు తోడించిన తేది వ్రాసియుంచుదుము. ఏ యేటికి ఆ యేడు క్యాలెండరు మార్చునప్పుడు ఆ తేదిని కూడ మార్చి వ్రాయుదుము. నిండి పొంగువరకు ఆగినవాడే తొందరలో ఎవరు దొరికిన వారిని దింపును. కాలమునకు తోడించువానికి లారీ వచ్చువరకు ఆగుటకు ఓపికయుండును. దూది, జుట్టు, పసిపిల్లల డయపర్లు, వంటనూనె మడ్డి బేసినులో వేయకున్నచో ఆ తేదులు మరింత ఎడముగా వచ్చును.

శ్రోతలకు మా మనవి యింతే. మీ యింట నీరు పారనినాడు ముందు ఒక బకెట్టు నీరు తెప్పించుడు. దోషము తొట్టిలోనున్నచో మూత తీసి మీరే చూడుడు. మెడవంపులోనున్నచో రబ్బరు గిన్నె పట్టుడు. గొట్టములోనున్నచో ఛాంబరు చూచి ప్లంబరును పిలువుడు. ట్యాంకు నిండినచో యంత్రమును పిలువుడు, మనిషిని దింపవలదు. ఆ వెనుక తలుపును మన పెద్దలు ఇటుకలతో మూయించిరి. దానిని మరల తెరువకుండుట మన వంతు.